మీ పికప్‌కి ఫిఫ్త్ వీల్ హిచ్ ఎంచుకోవడం ఎలా: డోరు స్టిక్కర్ నుంచి తూకం చీటీ దాకా

వేసవి సెలవులు దగ్గర పడితే చాలు, అమెరికాలో ఉన్న మనవాళ్ల నుంచి నాకు ఒకటే ప్రశ్న వస్తుంది. "అన్నా, ఫిఫ్త్ వీల్ ట్రైలర్ తీసుకుంటున్నాం, ఏ హిచ్ మంచిది?" నేను తిరిగి రెండు ప్రశ్నలు వేస్తాను. మీ ట్రక్కు డోరు మీద పేలోడ్ ఎంత రాసి ఉంది? బెడ్ (వెనక సామాను పెట్టే తొట్టి) పొడవు ఎంత? సగం మంది దగ్గర రెండిటికీ జవాబు ఉండదు. హిచ్ కంపెనీ పేరు, ధర, రంగు మాత్రం చూసి పెట్టుకుని ఉంటారు. అందుకే ఒకసారి మొత్తం వరసగా రాస్తున్నాను.

ఫిఫ్త్ వీల్ అంటే స్టెప్నీ అనుకునే వాళ్ల కోసం ఒక్క మాట. విశాఖ పోర్టు రోడ్డులో కంటైనర్ లారీలు చూసే ఉంటారు. ముందు ఇంజన్ బండి, దాని వీపు మీద గ్రీజు పూసిన గుర్రపు నాడా లాంటి ప్లేటు, ఆ ప్లేటు మీద కూర్చునే ట్రైలర్. ఇక్కడా అదే పద్ధతి, కాకపోతే ఆ ప్లేటు పికప్ బెడ్‌లో ఉంటుంది. దాన్నే హిచ్ అంటారు. ట్రైలర్ ముక్కు కింద 2 అంగుళాల మందం ఉన్న ఉక్కు కడ్డీ వేలాడుతుంది. దాన్ని కింగ్‌పిన్ అంటారు. హిచ్ దవడలు ఆ పిన్ మెడను పట్టుకుంటాయి. బంపర్‌కి తగిలించే మామూలు ట్రైలర్‌కూ దీనికీ తేడా ఏమిటంటే, ఇక్కడ బరువు ట్రక్కు వెనక ఇరుసు మీదో, దానికి కాస్త ముందో పడుతుంది. అందుకే రోడ్డు మీద ఊగకుండా నిలకడగా వస్తుంది.

సిద్ధాంతం ఇంతే. ఇక పని.

దగ్గర పెట్టుకోవలసినవి

- ట్రక్కు డ్రైవర్ డోరు తెరిస్తే కనిపించే రెండు స్టిక్కర్ల ఫోటోలు. ఒకటి టైర్లు, లోడు గురించి. రెండోది బండి గరిష్ఠ బరువు, ఇరుసుల గరిష్ఠ బరువు గురించి.
- ట్రైలర్ ఎడమ పక్క ముందు భాగంలో ఉండే స్టిక్కర్ ఫోటో.
- ట్రక్కుతో వచ్చిన మాన్యువల్. ఫిఫ్త్ వీల్ లాగవద్దని అందులో రాసి ఉంటే ఇక్కడే ఆగిపోండి.
- 25 అడుగుల టేపు, టార్చి లైటు, కాగితం, పెన్ను.
- ఇంటిల్లిపాది అసలు బరువులు. పెళ్లినాటివి కాదు, ఇప్పటివి.
- కొలతలప్పుడూ మలుపు పరీక్షప్పుడూ బయట నిలబడి చూసే ఒక మనిషి.

1. డోరు స్టిక్కర్‌తో మొదలుపెట్టండి

మనుషులు, సామాను కలిపి ఇంతకు మించకూడదు అని పౌండ్లలోనూ కిలోల్లోనూ ఒక అంకె ఉంటుంది. అదే పేలోడ్. డ్రైవర్ బరువు కూడా అందులోదే. ఫుల్ ట్యాంకు ఇంధనం మాత్రం ముందే లెక్కలో పోయింది, మళ్లీ తీసెయ్యక్కర్లేదు.

ఒకే మోడల్, ఒకే ఏడాది ట్రక్కులు రెండు పక్కపక్కన పెట్టినా ఈ అంకె వేరువేరుగా ఉంటుంది. డీజిల్ ఇంజన్, సన్‌రూఫ్, తోలు సీట్లు, ఫోర్ వీల్ డ్రైవ్, ఇలా ప్రతిదీ పేలోడ్‌ని తింటుంది. ముప్పావు టన్ను అనే తరగతి డీజిల్ ట్రక్కు గట్టిగా లాగుతుంది గానీ, ఆ ఇంజన్ బరువు వల్ల అదే ట్రక్కు పెట్రోల్ రకం కంటే తక్కువ మోస్తుంది. కొత్తగా కొనేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. కాబట్టి బ్రోషర్ వద్దు, వెబ్‌సైట్ వద్దు, సేల్స్‌మన్ మాట అసలే వద్దు. మీ డోరు మీద ఉన్న అంకె రాసుకోండి.

2. పిన్ మీద ఎంత బరువు పడుతుందో లెక్క కట్టండి

ఎడ్లబండి తోలిన ఇంట్లో పుట్టినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. బండిలో బరువు ముందుకు ఎక్కువైతే కాడి ఎద్దు మెడ మీద నొక్కుతుంది. వెనక్కి ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది. పిన్ వెయిట్ అంటే కాడి మీద పడే బరువే. ఫిఫ్త్ వీల్‌లో అది ట్రైలర్ మొత్తం బరువులో 15 నుంచి 25 శాతం దాకా ఉంటుంది. లెక్కకు 20 శాతం పట్టండి. ముందు గదిలో వాషింగ్ మెషీన్, జనరేటర్ లాంటివి ఉన్న పెద్ద ట్రైలర్ అయితే 22 వేసుకోవడం మేలు.

ఏ బరువులో 20 శాతం? ఖాళీ బరువులో కాదు. ట్రైలర్ స్టిక్కర్ మీద ఉన్న గరిష్ఠ బరువులో. బ్రోషర్‌లో రాసే పిన్ వెయిట్ ఖాళీ ట్రైలర్‌ది. ఫిఫ్త్ వీల్‌లో పెద్ద సామాను అర ముందు వైపే ఉంటుంది. మనం అందులో గ్రైండర్, ప్రెషర్ కుక్కర్లు, 20 పౌండ్ల సోనా మసూరి సంచులు రెండు పెడతాం. అదంతా నేరుగా పిన్ మీదకే వస్తుంది.

ఒక లెక్క చూడండి. డోరు మీద పేలోడ్ 2,300 పౌండ్లు అనుకుందాం. నలుగురు మనుషులు 520. హిచ్ 150. బెడ్‌లో పనిముట్లు, కట్టెలు 100. మిగిలింది 1,530. దీన్ని 20 శాతంతో భాగిస్తే 7,650. అంటే ఆ ట్రక్కు మీద మీరు పెట్టగలిగిన ట్రైలర్ నిండు బరువు 7,650 పౌండ్లే, సుమారు 3,470 కిలోలు. అదే ట్రక్కు ప్రకటనలో 14,000 పౌండ్లు లాగుతుందని రాసి ఉండొచ్చు. అది అబద్ధం కాదు. లాగడం వేరు, మోయడం వేరు.

పేలోడ్ 3,400 ఉంటే అదే కుటుంబానికి 2,630 మిగులుతుంది. 22 శాతంతో లెక్క కట్టినా దాదాపు 11,950 పౌండ్ల ట్రైలర్ దాకా వెళ్లొచ్చు.

చాలా హాఫ్ టన్ ట్రక్కుల్లో (ముప్పావు టన్ను కంటే చిన్న తరగతి) పేలోడ్ 2,000 లోపే ఉంటుంది. ఆ ట్రక్కుతో కుటుంబమంతా వెళ్లాలంటే ఫిఫ్త్ వీల్ ఆలోచన పక్కన పెట్టడమే మంచిదని నా అభిప్రాయం. హాఫ్ టన్‌కి సరిపోతుందని ట్రైలర్ పక్కన అక్షరాలు అంటించినా సరే, లెక్క వేశాకే నమ్మండి.

3. బెడ్ పొడవు, మలుపులో క్యాబ్‌కి తగులుతుందా

ఎక్కువ డబ్బు తేడా వచ్చేది ఈ మెట్టు దగ్గరే. కాస్త ఓపిగ్గా చదవండి.

చాలా ఫిఫ్త్ వీల్స్ వెడల్పు 102 అంగుళాల దాకా ఉంటుంది. పిన్ మధ్యలో ఉంటుంది కాబట్టి రెండు వైపులా 51 అంగుళాలు. ట్రక్కు పూర్తిగా తిరిగి ట్రైలర్‌కి అడ్డంగా వచ్చిందంటే, పిన్ నుంచి క్యాబ్ వైపుకు 51 అంగుళాల ట్రైలర్ పక్క గోడ వస్తుంది. ఇప్పుడు మీ ట్రక్కులో వెనక ఇరుసు మధ్య నుంచి క్యాబ్ వెనక అద్దం దాకా కొలవండి. 8 అడుగుల బెడ్‌లో ఇది 56 అంగుళాల చుట్టూ ఉంటుంది, ఇబ్బంది లేదు. ఆరున్నర అడుగుల బెడ్‌లో 40 చుట్టూ వస్తుంది. 51కి 40 చాలదు. ఎక్కడో ఒక మలుపులో, అదీ క్యాంప్‌గ్రౌండ్‌లో వెనక్కి పెడుతున్నప్పుడు, ట్రైలర్ మూల వచ్చి వెనక అద్దాన్ని పలకరిస్తుంది.

కొత్త ట్రైలర్ల ముక్కు గుండ్రంగా, మూలల దగ్గర లోపలికి కోసినట్టు ఉంటుంది. పొట్టి బెడ్‌తోనూ బాగానే తిరుగుతుందని తయారీదారులు చెప్తారు. చాలావరకు నిజమే. కానీ ఆ మాట చదునైన నేల మీద చెప్పింది. ట్రక్కు గుంటలో దిగి, ట్రైలర్ గట్టు మీద ఉంటే క్యాబ్ పై మూల ముందుగా తగులుతుంది.

మీ కొలత ఇలా తీయండి. పిన్ మధ్య నుంచి ట్రైలర్ ముక్కు మూల దాకా టేపు పట్టండి. హిచ్ మధ్య నుంచి క్యాబ్ దాకా ఉన్న దూరం దీనికంటే ఎక్కువైతే మీకు మామూలు స్థిర హిచ్ చాలు. తక్కువైతే మీ ముందు ఈ దారులున్నాయి.

*చేత్తో జరిపే స్లైడర్.* మీట లాగి హిచ్ తలను వెనక్కి జరుపుకుని మలుపు తిప్పుకోవాలి, తర్వాత మళ్లీ ముందుకు తెచ్చి తాళం వేసుకోవాలి. ధర తక్కువ. చిక్కేమిటంటే, జరపాలని గుర్తొచ్చేసరికి వెనక పది బండ్లు ఆగి ఉంటాయి. ఇంకో ప్రమాదం, తిరిగి ముందుకు తేవడం మర్చిపోయి హైవే ఎక్కడం. అప్పుడు బరువు ఇరుసు వెనక పడి ముందు చక్రాలు తేలికవుతాయి, స్టీరింగ్ పట్టు తప్పుతుంది.

*తనంతట తాను జరిగే స్లైడర్.* ట్రక్కు తిరుగుతున్న కొద్దీ హిచ్ తలే వెనక్కి జరుగుతుంది. పుల్‌రైట్ సూపర్‌గ్లైడ్, డెమ్కో వాళ్ల రకాలు ఇందులో పేరున్నవి. ధర ఎక్కువ, బరువూ ఎక్కువ, ఆ బరువు కూడా మీ పేలోడ్‌లోంచే పోతుంది. ట్రైలర్ పిన్ దగ్గర ఒక ప్లేటు బిగించాలి. అది మీ పిన్ బాక్స్ (కింగ్‌పిన్‌ని ట్రైలర్‌కి పట్టి ఉంచే భాగం) రకానికి సరిపోయేదే కొనాలి.

*తిరిగే చోటును వెనక్కి మార్చే పిన్ బాక్స్.* రీస్ సైడ్‌వైండర్ లాంటివి. హిచ్ స్థిరంగానే ఉంటుంది, తిరగడం మాత్రం ట్రైలర్ వైపు, పిన్ బాక్స్ వెనక భాగంలో జరుగుతుంది. పిన్ హిచ్ తలలో తిరగకుండా ఒక చీల వేయాలి. ప్రతి హిచ్ మోడల్‌కీ ఆ చీల వేరు.

నా మాట అడిగితే, పొట్టి బెడ్, చిన్న పిల్లలు, రాత్రి పూట క్యాంప్‌సైట్ చేరే అలవాటు, ఈ మూడూ ఉన్నవాళ్లు డబ్బు కూడబెట్టుకుని తనంతట తాను జరిగేదే కొనండి. పగలు నిదానంగా నడిపే ఇద్దరు పెద్దవాళ్లకు చేతి స్లైడర్ చాలు.

4. బెడ్ నేలలో ఏముందో చూడండి

మ్యాట్ ఎత్తి చూడండి. నాలుగింటిలో ఒకటి కనిపిస్తుంది.

నాలుగు గుండ్రటి మూతలు, మధ్యలో ఇంకొకటి ఉంటే మీ ట్రక్కుకి ఫ్యాక్టరీలోనే ఫిఫ్త్ వీల్ ఏర్పాటు చేశారు. వీటిని పక్స్ అంటారు. మీ పని సగం అయిపోయింది. అయితే పక్స్ అమరిక అన్ని ట్రక్కుల్లో ఒకటి కాదు, మీ ట్రక్కుకి తగ్గ కాళ్లున్న హిచ్చే తీసుకోవాలి.

మధ్యలో ఒక్క గూస్‌నెక్ (ట్రైలర్‌ని బెడ్‌లోని బంతికి తగిలించే మరో పద్ధతి) బంతి రంధ్రమే ఉంటే, అందులో దిగే హిచ్‌లు దొరుకుతాయి. బీ అండ్ డబ్ల్యూ వాళ్ల కంపానియన్ ఇందులో బాగా వాడుకలో ఉన్నది. ఆ రంధ్రం ఏ కంపెనీదో చూసి దానికి సరిపడేది తీసుకోండి. తీసేశాక బెడ్ ఖాళీగా మిగలడం దీనిలో సుఖం.

అడ్డంగా రెండు ఉక్కు పట్టాలు ఉంటే, పాత యజమాని రైల్స్ బిగించాడన్నమాట. ఆ కొలతలోవే చాలా హిచ్‌లు వస్తాయి. కానీ కింద దూరి చూడండి. పట్టాలు ఛాసిస్‌కి బ్రాకెట్లతో కట్టి ఉండాలి. ఉత్త బెడ్ రేకుకే బోల్టులు వేసి ఉంటే ఆ పట్టాలను నమ్మకండి.

ఏమీ లేకపోతే రైల్స్ వేయించాలి, లేదా గూస్‌నెక్ రంధ్రం కోయించాలి. సొంతంగా చేసే ధైర్యం ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. డ్రిల్ పెట్టే ముందు కింద బ్రేకు గొట్టాలు, ఇంధన గొట్టాలు, వైర్లు ఎక్కడున్నాయో చూసి తీరాలి. ఫోర్డ్ ఎఫ్-150కి 2015 మోడల్ నుంచి, సూపర్ డ్యూటీకి 2017 నుంచి బాడీ అల్యూమినియంది. దానికి కిట్‌లో ఇచ్చిన స్పేసర్లు వదిలేసి బిగిస్తే బెడ్ నలిగిపోతుంది.

5. హిచ్ తల: దవడలు, ఊగడం

దవడ ఒక వైపు నుంచి అడ్డంగా జారి మూసుకునే రకం చవక, పని చేస్తుంది. రెండు దవడలు పిన్‌ని చుట్టూ కౌగిలించుకునే రకంలో కుదుపు, టకటక చప్పుడు తక్కువ. ఏడాదికి రెండు ట్రిప్పులు వేసేవాళ్లకు మొదటిది చాలు, నెల నెలా తిరిగేవాళ్లు రెండోది తీసుకోండి.

హిచ్ తల ముందుకూ వెనక్కీ మాత్రమే ఊగేది ఉంటుంది, పక్కలకు కూడా ఊగేది ఉంటుంది. ఎగుడుదిగుడు నేల మీద తగిలించాల్సి వస్తుంది కాబట్టి నాలుగు వైపులా ఊగేదే కొనండి. ఇక్కడ మిగిల్చే డబ్బు మొదటి వర్షానికి బురదలో పోతుంది.

ఇక అల్యూమినియం అండర్సన్ హిచ్ గురించి అందరూ అడుగుతారు. బరువు దాదాపు 35 పౌండ్లే, ఒక మనిషి ఒంటి చేత్తో తీసేయొచ్చు. పేలోడ్ తక్కువ ఉన్నవాళ్లకు ఆ మిగిలిన వంద పౌండ్లు పెద్ద లెక్కే. ఇందులో దవడలుండవు. బెడ్‌లో బంతి, ట్రైలర్ పిన్‌కి దాని మీద కూర్చునే గిన్నె. ఈ పద్ధతికీ, పిన్‌ని పొడిగించి గూస్‌నెక్ బంతికి తగిలించే అడాప్టర్లకూ ఒక ముఖ్యమైన జాగ్రత్త ఉంది. పిన్ కిందకు పొడవైన కొద్దీ ట్రైలర్ ఫ్రేమ్ మీద మీట వేసినట్టు బలం పెరుగుతుంది. దీని వల్ల ఫ్రేమ్ వారంటీ చెల్లదని చెప్పే తయారీదారులున్నారు. మీ ట్రైలర్ మోడల్ చెప్పి, వారంటీ నిలుస్తుందా లేదా అని ఈమెయిల్‌లో రాతపూర్వకంగా అడగండి. ఫోన్‌లో చెప్పిన మాట రేపు పనికిరాదు.

6. హిచ్ మీద రాసిన బరువు

16,000, 20,000, 24,000 ఇలా ఉంటాయి. మొత్తం ట్రైలర్ బరువుకి ఒక అంకె, పిన్ బరువుకి ఇంకో అంకె. రెండూ మీ ట్రైలర్ గరిష్ఠ బరువు లెక్కకు మించి ఉండాలి. ఎస్ఏఈ జె2638 అనే హిచ్ పరీక్ష ప్రమాణం ప్రకారం పరీక్షించినదా అని చూడండి. ఇంతకు మించి ఆలోచించక్కర్లేదు. 24,000 హిచ్ బిగించినంత మాత్రాన మీ ట్రక్కు పేలోడ్ ఒక్క పౌండు కూడా పెరగదు. పైగా బరువైన హిచ్ అందులోంచి ఇంకొంచెం తీసుకుంటుంది. ట్రక్కు, హిచ్, టైర్లు, ట్రైలర్, వీటిలో ఏ అంకె చిన్నదో అదే మీ పరిమితి.

7. ఎత్తు

ట్రైలర్‌ని చదును నేల మీద సమంగా నిలబెట్టండి. నేల నుంచి ట్రైలర్ ముక్కు అడుగు దాకా కొలవండి. నేల నుంచి ట్రక్కు బెడ్ పక్క గోడ పై అంచు దాకా కొలవండి. రెండిటి మధ్య తేడా కనీసం ఐదున్నర అంగుళాలు ఉండాలి, ఆరు ఉంటే నిశ్చింత. ఉదాహరణకు 66 నుంచి 59 తీసేస్తే 7, సరిపోయింది.

ఈ మధ్య ట్రక్కులు బాగా ఎత్తుగా వస్తున్నాయి. ఖాళీ ఆరు అంగుళాలు పెట్టాలని హిచ్ పైకి ఎత్తితే ట్రైలర్ ముక్కు లేచి, బరువంతా దాని వెనక ఇరుసు మీద పడుతుంది. హిచ్‌ని పై రంధ్రాలకూ కింది రంధ్రాలకూ మార్చి చూడండి. అప్పటికీ కుదరకపోతే ట్రైలర్‌నే ఎత్తించాలి. ఖాళీ తగ్గించి సర్దుకుపోతే మొదటి పెట్రోల్ బంకు ర్యాంపు దగ్గరే బెడ్ గోడ సొట్ట పడుతుంది.

8. బిగించాక

ప్రతి బోల్టునీ మాన్యువల్‌లో చెప్పిన బిగువుకి టార్క్ రెంచితో బిగించండి. బెడ్ లోపలే ఏడు పిన్నుల కరెంటు ప్లగ్గు పెట్టించుకోండి, బంపర్ దగ్గరి దాకా తీగ లాగితే టెయిల్‌గేట్‌లో నలుగుతుంది. ట్రైలర్ బ్రేకులు నడిపే కంట్రోలర్ ట్రక్కులో ఉందో లేదో చూడండి. ట్రైలర్ విడిపోతే దాని బ్రేకులు తమంతట తామే పడేలా ఒక సన్న కేబుల్ ఉంటుంది. దాన్ని హిచ్ పిడికి కట్టకండి. హిచ్చే ఊడి వస్తే ఆ కేబుల్ హిచ్‌తో పాటే పోతుంది, బ్రేకు పడదు. ట్రక్కుకే కట్టాలి.

9. మొదటిసారి తగిలించడం

ఖాళీ పార్కింగ్ స్థలం, పగటి వెలుతురు, తోడు మనిషి. ఫోన్లు జేబులో.

1. ట్రైలర్ చక్రాలకు ముందూ వెనకా చెక్కలు పెట్టండి.
2. టెయిల్‌గేట్ దించండి. నవ్వకండి, ఇది మర్చిపోయి వెనక్కి వచ్చినవాళ్లు లెక్కలేనంత మంది.
3. ట్రైలర్ పిన్ ప్లేటు హిచ్ ప్లేటు కంటే అర అంగుళం కిందకు ఉండేలా దాని కాళ్లు సరిచేయండి. వెనక్కి వస్తున్నప్పుడు హిచ్ ఏటవాలు ట్రైలర్‌ని కాస్త ఎత్తాలి.
4. హిచ్ మీట తెరిచి, నిదానంగా నిటారుగా వెనక్కి రండి. టక్కుమని దవడ పడాలి.
5. ట్రక్కు దిగి టార్చి వేసి చూడండి. రెండు ప్లేట్ల మధ్య వెలుతురు కనిపించకూడదు. దవడలు పిన్ మెడ చుట్టూ పూర్తిగా మూసుకుని ఉండాలి. మీట తాళం స్థానంలోకి రావాలి, పిన్ను పెట్టాలి.
6. కేబుల్, ప్లగ్గు తగిలించండి. లైట్లు చూడండి.
7. కాళ్లు నేల నుంచి కొంచెమే లేపండి, పూర్తిగా మడవకండి. చక్రాలకు చెక్కలు అలాగే ఉంచి, కంట్రోలర్ మీటతో ట్రైలర్ బ్రేకు పట్టి, ట్రక్కుని మెల్లగా ముందుకు లాగండి. ట్రైలర్ కదలకూడదు, హిచ్ జారకూడదు.
8. అప్పుడు మాత్రమే కాళ్లు పూర్తిగా మడిచి, చెక్కలు తీసి, టెయిల్‌గేట్ వేయండి.

మూడో మెట్టులో ట్రైలర్ మరీ ఎత్తుగా ఉంటే అసలు ప్రమాదం మొదలవుతుంది. పిన్ అడుగున ఉన్న లావు అంచు దవడల పైన కూర్చుంటుంది. టక్కుమని చప్పుడు వస్తుంది, మీట కూడా పడినట్టే ఉంటుంది. పది అడుగులు పోగానే ట్రైలర్ ముక్కు వచ్చి బెడ్ గోడల మీద పడుతుంది. ఐదు, ఏడు మెట్లు ఈ ఒక్క తప్పును పట్టుకోవడానికే. ఎంత తొందరలో ఉన్నా ఆ రెండూ వదలకండి.

తర్వాత అదే స్థలంలో మలుపు పరీక్ష. మీరు నడకకంటే నిదానంగా తిప్పుతూ ఉండండి, తోడు మనిషి క్యాబ్ మూల పక్కన దూరంగా నిలబడి ఖాళీ చూస్తూ ఉండాలి. పిడికెడు ఖాళీ మిగిలిన చోట ఆగి, పక్క అద్దంలో ట్రైలర్ ఎలా కనిపిస్తుందో ఫోటో తీసుకోండి. అంతకు మించి ఎప్పుడూ తిప్పకూడదు. నేను ఈ పరీక్ష చేయకుండా వెళ్లాను. మొదటి ట్రిప్పులోనే వెనక అద్దం పోయింది, ప్లాస్టిక్ కవరు అంటించుకుని ఇంటికొచ్చాం. దారంతా ఆ కవరు కొట్టుకున్న చప్పుడు మా పిల్లలకు ఇంకా గుర్తే.

10. తూకం వేయించండి

హైవే పక్కన ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ (బండ్లు తూచే కాటా) బోర్డులు కనిపిస్తాయి. సామాను, మంచినీళ్లు, మనుషులు, అన్నీ ప్రయాణానికి ఉన్నట్టే ఉంచి వెళ్లండి. ట్రక్కు ముందు ఇరుసు మొదటి పలక మీద, వెనక ఇరుసు రెండో దాని మీద, ట్రైలర్ చక్రాలు మూడో దాని మీద ఉండేలా ఆపాలి. చీటీ తీసుకోండి. తర్వాత ట్రైలర్‌ని అనువైన చోట విప్పి, ట్రక్కుని మాత్రమే అదే మనుషులతో మళ్లీ తూయండి.

చీటీలు ఇలా వచ్చాయనుకోండి. ట్రక్కు ఒక్కటే: ముందు 4,700, వెనక 3,560, మొత్తం 8,260. ట్రైలర్‌తో: ముందు 4,760, వెనక 5,740, ట్రైలర్ ఇరుసులు 8,700.

ట్రైలర్‌తో ట్రక్కు బరువు 10,500. అందులోంచి 8,260 తీస్తే 2,240. అదే మీ అసలు పిన్ వెయిట్. ట్రైలర్ మొత్తం 8,700కి 2,240 కలిపితే 10,940. పిన్ శాతం ఇరవైన్నర. నిష్పత్తి చక్కగా ఉంది. కానీ ట్రక్కు గరిష్ఠ బరువు 10,000 అయితే మీరు 500 ఎక్కువ మోస్తున్నారు. అంటే నిష్పత్తి సరిగ్గా ఉన్నా ట్రక్కు చాలడం లేదు.

ట్రక్కు, ట్రైలర్ స్టిక్కర్ల మీది అంకెలతో పోల్చవలసినవి ఇవి: ట్రక్కు మొత్తం బరువు, వెనక ఇరుసు బరువు, ట్రైలర్ ఇరుసుల బరువు, అన్నీ కలిపిన బరువుకి మాన్యువల్‌లో ఉన్న పరిమితి. పిన్ శాతం 15 కంటే తగ్గితే వెనక సామాను ముందుకు జరపండి, లేకపోతే ట్రైలర్ తోక ఊపుతుంది. 25 దాటితే ముందు వైపు సామాను అర ఖాళీ చేయండి. మంచినీళ్లు గ్యాలన్‌కి 8.3 పౌండ్లు. 40 గ్యాలన్లు ఒలకబోస్తే 330 పౌండ్లు తగ్గుతాయి, అయితే ట్యాంకు ఇరుసుల ముందుందా వెనకుందా చూసి పిన్ మీద ప్రభావం లెక్క కట్టండి.

తరచూ చేసే పొరపాట్లు

*ఎయిర్ బ్యాగులు వేస్తే ఎక్కువ మోయొచ్చు అనుకోవడం.* వెనక భాగం కుంగకుండా సమంగా కనిపిస్తుంది, అంతే. డోరు స్టిక్కర్ మారదు. ఇరుసు, టైర్లు, బ్రేకులు పాతవే. కుంగడం కనిపించకపోవడం వల్ల ఎక్కువ ఎక్కించే ప్రమాదం కూడా ఉంది.

*పాత హిచ్ చవకగా కొనడం.* కొనండి, తప్పు లేదు. కానీ దవడల అరుగుదల, వెల్డింగుల దగ్గర పగుళ్లు, పోయిన పిన్నులు చూడండి. మోడల్ నంబరు చదవడానికి వీలుగా లేకపోతే వదిలేయండి. దాని పరిమితి మీకు తెలిసే దారి లేదు.

*గ్రీజు, ప్లాస్టిక్ ప్లేటు రెండూ వేయడం.* పిన్ చుట్టూ వేసే ప్లాస్టిక్ పలక ఉంటే ప్లేటుకి గ్రీజు అక్కర్లేదు. కానీ కొన్ని హిచ్‌లలో ఆ పలక మందం వల్ల దవడ సరిగ్గా మూసుకోదు. మీ హిచ్ మాన్యువల్ ఒప్పుకుంటేనే వేయండి.

*లైసెన్స్ సంగతి మర్చిపోవడం.* టెక్సస్‌లో ట్రక్కు, ట్రైలర్ల గరిష్ఠ బరువులు కలిపి 26,000 పౌండ్లు దాటి, ట్రైలర్ ఒక్కటే 10,000 మించితే మామూలు లైసెన్స్ చాలదు, సొంత వాడకమైనా క్లాస్ ఏ కావాలి. కాలిఫోర్నియా నిబంధనలు వేరు. ట్రైలర్ బయానా ఇచ్చే ముందు మీ రాష్ట్రంలో లైసెన్సులు ఇచ్చే శాఖ (డీఎంవీ) పేజీ చూడండి.

*ఒకసారి బిగించి వదిలేయడం.* మొదటి 50 మైళ్ల తర్వాత ఆగి రైల్స్, హిచ్ బోల్టులు మళ్లీ టార్క్ రెంచితో చూడండి. ఆ తర్వాత ప్రతి ట్రిప్పు ముందూ. తూకం చీటీ మడిచి గ్లవ్ బాక్స్‌లో పెట్టుకోండి, వచ్చే ఏడాది కొత్త మంచం, కొత్త సైకిళ్లు ఎక్కించాక మళ్లీ తూయించి పక్కన పెట్టి పోల్చడానికి అదే కావాలి.